చాలన్నదే తూకం

"చాల్లే వదినా."

"ఇంకా వెయ్యందే చాలంటావేంటే?"

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ముందుది ఆమె మాట, వెనకది నాది. నా మాట వింటూనే ఆమె లోపలికి వెళ్ళిపోయింది. గుప్పెట్లో ఎండు నెత్తళ్ళు పట్టుకుని వాళ్ళ అరుగు ముందు నేను అలాగే వంగి ఉండిపోయాను.

ఆమె నాకు చుట్టం కాదు. మా ఊరూ కాదు, మా కులమూ కాదు. ఆమె నా బోణీ మనిషి. వాళ్ళ ఊళ్ళో నా చేపల గంప ముందు దిగేది వాళ్ళ అరుగు మీదే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా వాడరేవులో చేపలు ఎండబెట్టే పిల్లలు మొన్న ఒక పెళ్ళిలో నన్ను చుట్టుముట్టి, "పెద్దమ్మా, గంప ఎందుకు మానేశావు? మోకాళ్ళా?" అని అడిగారు. అవునన్నాను. పెళ్ళి భోజనం దగ్గర అంతకంటే ఏం చెప్పను? కానీ మోకాళ్ళు కాదమ్మా. మోకాళ్ళు ఆ తర్వాత పోయాయి. ఎందుకు మానేశానో నేను చెబుతున్నాను, మా చెల్లెలి కోడలు రాస్తోంది.

మా ఆయన పడవ మీద కూలి. సముద్రం ఆయన్ని ఏమీ చెయ్యలేదు, జ్వరం చేసింది. పిల్లలు లేరు. దినాలు అవగానే నేను గంప ఎత్తుకున్నాను. పడవలు ఒడ్డుకి వచ్చాక పెద్ద చేపని ఐసు పెట్టెల్లోకి ఎత్తేవాళ్ళు. అడుగున మిగిలే వేలెడంత నెత్తళ్ళు ఆ రోజుల్లో ఎవరికీ అక్కర్లేదు. వాటిని ఇసక మీద పరిచి ఎండబెట్టి, గంపకెత్తుకుని చీరాల వచ్చి, చిలకలూరిపేట బస్సెక్కి, దారిలో మిరప చేల ఊళ్ళలో దిగేదాన్ని.

బస్సు సంగతి చెప్పాలి. ఒక కండక్టరు ఉండేవాడు. నన్ను చూడగానే విజిల్ నోట్లోంచి తీసేసి, "అమ్మా, గంప వెనక్కి, నువ్వు ఇంకా వెనక్కి" అనేవాడు. "వాసనకి కూడా టికెట్ కొడతావా బాబూ?" అంటే, "నువ్వు దిగినా అది దిగదు గదమ్మా, డిపో దాకా వస్తుంది. దానికి పాసు ఇవ్వాలి" అనేవాడు. బస్సంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. పొద్దున లేచిన దగ్గర్నుంచి నాతో ఎవరైనా మాట్లాడిన మొదటి మాట చాలాసార్లు అదే.

గంప మోసేవాళ్ళకి ఒక చిక్కుంది. నిండు గంపని తల మీద నుంచి దించాలన్నా, మళ్ళీ తలకెత్తాలన్నా రెండో మనిషి కావాలి. ఒక్కదానివల్ల కాదు. మొదటిసారి ఆమె ఊరు వెళ్ళినప్పుడు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి అరుచుకుంటూ తిరిగాను, ఎవరూ దించమనలేదు. మెడ నరాలు లాగేస్తున్నాయి. అప్పుడు ఒక గుమ్మంలోంచి వినపడింది.

"ఏమ్మా, గంప నెత్తిన మొలిచిందా? దించవా?"

"దించేవాళ్ళుంటే కదమ్మా."

"అయ్యో, పద్దాక తిరుగుతుంటే వ్యాయామం అనుకున్నాలే."

ఆమె వచ్చి ఒక పక్క పట్టుకుంది. నాకంటే కాస్త చిన్నది. మిరపకాయ కోతలకి, పత్తి తీతలకి కూలికి పోయే మనిషి. మొగుడు పేటలో జిన్నింగు మిల్లులో పనిచేసి వారానికొకసారి ఇంటికొచ్చేవాడు. ఇంట్లో ఆమె, మంచంలో పళ్ళు లేని అత్త. గంప మీద గోనెపట్టా తియ్యగానే లోపల్నుంచి ముసలామె, "నెత్తళ్ళే! నెత్తళ్ళ వాసనే!" అని కేకేసింది. ఆమె నా వంక చూసి, "డబ్బుల్లేవమ్మా, తాలుకాయలున్నాయి. తీసుకుంటావా?" అని అడిగింది.

తాలంటే పండు రంగు పోయి తెల్లబడిన మిరపకాయ. కల్లంలో ఎండిన కాయ మీద కూర్చుని ఎరుపు ఒక పక్కకి, తాలు ఒక పక్కకి ఏరడం ఆడకూలీల పని. ఎరుపు గుంటూరు పోతుంది. తాలు కొనేవాడు లేడు గనక రైతులు దాన్ని ఏరిన ఆడవాళ్ళకే వదిలేసేవాళ్ళు, కూలికి తోడుగా. రంగు లేదనే గానీ కారం ఎక్కడికి పోతుంది? వాళ్ళకి ఏడాది పొడుగునా కారం అదే. నాకూ అదే పని చేసేది. తాలు తీసుకెళ్ళి మా ఒడ్డున ఆడవాళ్ళకి ఇస్తే వాళ్ళు నెత్తళ్ళు ఇచ్చేవాళ్ళు. ఆ నెత్తళ్ళు ఇక్కడికి వచ్చేవి. బస్సు టికెట్టుకీ బియ్యానికీ తప్ప నాకు రూపాయితో పెద్దగా పని ఉండేది కాదు.

తూకం రాయి నా దగ్గర లేదు, ఆమె దగ్గరా లేదు. ఆమె చేట పట్టేది. నేను గుప్పెళ్ళతో వేస్తూ పోవాలి. ఇచ్చే మనిషి ఆపకూడదు, పుచ్చుకునే మనిషే చాలనాలి. తర్వాత నేను కొంగు పట్టేదాన్ని, ఆమె కాయలు పోసేది, అప్పుడు చాలనడం నా వంతు. ఇచ్చేవాళ్ళు తామే ఆపితే పిసినారని పేరు. పుచ్చుకునేవాళ్ళు చాలనకపోతే ఆశపోతని పేరు. పేరు పోగొట్టుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు గనక తూకం సరిగ్గానే తూగేది. మొదట్లో ఆమె చేట బాగా నిండాక గానీ చాలనేది కాదు. "వెయ్యి వెయ్యి, మా అత్త కడుపు సముద్రం" అనేది. నేనూ కొంగు బరువెక్కి ముడి జారేదాకా చాలనేదాన్ని కాదు. ఆ తర్వాత ఆమె నాకు ఇంత గంజన్నం, గొడ్డుకారం పెట్టి, గంప ఎత్తి తల మీద పెట్టి, "పద వదినా, ఊరు కాచుకునుంది" అని సాగనంపేది.

వదినా అని ఎప్పుడు మొదలుపెట్టిందో గుర్తు లేదు. మా ఒడ్డున మా ఆయన వైపు వాళ్ళు ఆయన పోయాక నన్ను ఏమీ పిలవడం మానేశారు. పని పడితే, "ఇదుగో" అనేవాళ్ళు.

ఇలా చాలా ఏళ్ళు నడిచింది. మార్పు ఎప్పుడొచ్చిందో తేదీ చెప్పలేను గానీ ఎలా తెలిసిందో చెబుతాను. వాసన. నేను ఊళ్ళో తిరిగేది వంట వేళకి కదా, వీధిలో నడుస్తుంటే ఏ ఇంట్లో నా చేప ఏమవుతోందో ముక్కుకి తెలిసేది. ముందు నూనెలో వేయించే వాసన. కొన్నాళ్ళకి వేపుడు తగ్గి పులుసు వాసన. ఆ తర్వాత చింతపండు కూడా భారమైందో ఏమో, నిప్పుల మీద కాల్చిన వాసన. నూనె ప్యాకెట్టు ధర ఎంత పెరిగిందో నేను ఎవర్నీ అడగలేదు. వీధి చెప్పింది.

కూలి పెరగలేదా అంటారు. పెరిగింది, కాదనను. కానీ అంతకు ముందు కొనక్కర్లేనివన్నీ కొనాల్సి వచ్చింది. పొయ్యిలోకి పత్తికట్టె ఊరికే దొరికేది, ఇప్పుడు దాన్ని ట్రాక్టరుతో చేలోనే దున్నేస్తున్నారు. గ్యాసు బండ కొనాలి. చేలగట్ల మీద కూరాకు కోసుకునేవాళ్ళు, కలుపు మందు కొట్టాక ఆకు లేదు. కూర కొనాలి. రైతుల ఇళ్ళలో మజ్జిగ అడిగితే పోసేవాళ్ళు, పాలన్నీ కేంద్రానికి పోతున్నాయి. పెరుగు ప్యాకెట్టు కొనాలి. పెరిగిన కూలి, ఎప్పుడూ ధర లేని వస్తువులకి ధర కట్టడానికే సరిపోయేది. ఇది నా మాట కాదు, ఆమె మాట. పొయ్యి ముందు కూర్చుని అంది. "వదినా, ముందు నాకు కూలి తక్కువ, సరుకు ఎక్కువ. ఇప్పుడు కూలి ఎక్కువ, చేట ఖాళీ. ఏది నయం చెప్పు?"

నేను, "మొగుడు నయమా అత్త నయమా అన్నట్టుంది" అన్నాను. లోపల్నుంచి ముసలామె, "విన్నాను!" అంది.

అప్పట్నుంచే ఆమె చాలనడం తొందరపడింది. చేట నిండేది కాదు. సగానికే చాలనేది, ఆ తర్వాత పావుకే. నాకు అనుమానం వచ్చింది. ఇంకో చేపలామె ఎవరో వస్తోందేమో, నా సరుకు నచ్చలేదేమో.

"నిజం చెప్పు, నా చేపల్లో ఇసక ఉందా?"

"ఉంది."

"ఎప్పుడు?"

"ఎప్పుడూ ఉంటుంది. ఇసక లేకుండా నీ నెత్తళ్ళు తిన్న రోజు మా అత్తకి పళ్ళు మొలుస్తాయి."

"మరి చాలంటావేంటి, అంత తొందరగా?"

"తిండి తగ్గింది వదినా. వయసు."

తిండి తగ్గడం నాకు తెలియదా! ఆమె దగ్గర పొయ్యడానికి తాలు తగ్గింది. పోసేది తగ్గినప్పుడు పుచ్చుకునేదీ తగ్గించుకుంటోంది. అది అర్థమయ్యాక నేనేం చేశానో చూడండి. ఆమె నా కొంగులో కాయలు పొయ్యడం మొదలుపెట్టగానే నేనూ చాలనేదాన్ని, ఆమె ఇంట్లోకి మిగులుతాయి కదా అని. నేను ముందు చాలంటే ఆమెకి సిగ్గేసేది. మరుసటిసారి ఆమె నాకంటే ముందు చాలనేది. నేను ఊరుకుంటానా? ఒకరి మీద ఒకరు పంతానికి పోయినట్టు చాలు, చాలు అనుకుంటూ మేమిద్దరం ఆ బేరాన్ని దాదాపు లేకుండా చేశాం. కోపం వచ్చి చెడిన బేరాలు చూశాను గానీ, ఇలా చెడింది ఇదొక్కటే.

నా వైపు కూడా నేలేమీ గట్టిగా లేదు. అది ఆమెకి చెప్పలేదు. డీజిలు ధర పెరిగి చిన్న పడవలు కొన్ని సముద్రంలోకే దిగడం మానేశాయి. దిగినవాళ్ళ దగ్గర నెత్తళ్ళ కోసం లారీలు వచ్చి ఆగుతున్నాయి. కోళ్ళ మేతకి, రొయ్యల మేతకి. ఒకరోజు లారీ మనిషితో పోట్లాడాను.

"మనుషులు తినే చేప కోళ్ళకేస్తారా?"

"ఆ కోడిని మళ్ళీ మనుషులే తింటారు గదమ్మా."

"ఏ మనుషులు?"

వాడు నవ్వి కాటా వైపు తిరిగాడు. వేలం పాటలో నేను ఒక గంపకి పాడితే వాడు ఒడ్డు మొత్తానికి పాడేవాడు. తాలు మూటలు చూపిస్తే మా ఆడవాళ్ళు, "ఇప్పుడు తాలేం చేసుకుంటామే, లారీ వాడు డబ్బులిస్తున్నాడు" అన్నారు. తప్పేం లేదు, వాళ్ళకీ పిల్లలున్నారు. అయినా నేను గంప దించలేదు. లాభం లేకపోయినా ఆ ఊరికి పోయేదాన్ని. ఊరు మొత్తానికి కాదు, నిజం చెప్పాలంటే ఆ ఒక్క అరుగు కోసం. ఆ బేరం పోతే ఆ ఇంటికి వెళ్ళడానికి నాకు వేరే దారి లేదు.

ఆ ఆఖరి రోజు కాయ కోతలు అయిపోయి కల్లాలు ఎర్రగా ఉన్నాయి. ఈ కాలంలో ఆమె దగ్గర తాలు ఉంటుంది, ఇవాళ చేట నిండా వేస్తాను, చాలన్నా ఆపను అనుకుంటూ నడిచాను. మంచి నెత్తళ్ళు, వెండిలా మెరుస్తున్నాయి, పంతం మీద పాడి తెచ్చాను. ఆమె వచ్చి గంప దించింది. చేట తేలేదు. నేను గుప్పెడు తీసి, "చేటేదే?" అన్నాను. అప్పుడంది చాల్లే వదినా అని. నేను అన్నది ముందే చెప్పాను.

ఆమె లోపలికి వెళ్ళగానే ముసలామె గొంతు వినపడింది.

"నెత్తళ్ళ మనిషి వచ్చిందా?"

"రాలేదత్తా."

"వాసనొస్తుంటేనూ?"

"పక్కింట్లో కాలుస్తున్నారు. పడుకో."

తలుపు తీసే ఉంది. నేను కనపడుతూనే ఉన్నాను. రాలేదంటోంది.

వెళ్ళిపోదామంటే గంప ఎత్తేవాళ్ళు లేరు. వీధిలో ఒక్క పురుగు లేదు, అందరూ కల్లాల మీద ఉన్నారు. నేనే వంగి ఎత్తబోతే మోకాలి దాకా వచ్చి ఆగింది, కిందపడితే అంతా మట్టిపాలవుతుందని మళ్ళీ దించాను. ఇంక చేసేదేం లేక అరుగు మీద కూర్చున్నాను. లోపల ఆమె గిన్నెలు కదిలిస్తోంది. ఉన్నవి నాలుగు గిన్నెలు, వాటినే తిప్పి తిప్పి కదిలిస్తోంది. ఆమెకి నేను పోలేదని తెలుసు, ఎందుకు పోలేదో కూడా తెలుసు. నాకు నవ్వొచ్చింది, నమ్మండి. ఏడుపు కాదు, నవ్వే ముందొచ్చింది. రాలేదని తను చెప్పిన మనిషి బయట కూర్చుని ఉంటే ఆమె బయటికి రాలేకపోతోంది, ఆమె బయటికి వస్తే గానీ నేను పోలేను.

ముసలామె గుర్తొచ్చింది. కొంగు చివర దులిపి, దోసెడు నెత్తళ్ళు తీసి అరుగు మూల పెట్టాను. పెట్టాక భయం వేసింది. ఇన్నేళ్ళలో మా మధ్య ఊరికే ఇవ్వడం లేదు. ఊరికే ఇస్తే ఆమె ఏమవుతుంది? అడుక్కునే మనిషవుతుంది, నేను పెట్టే మనిషినవుతాను. తీసేద్దామా అని చెయ్యి చాపేలోపు ఆమె బయటికి వచ్చింది.

నా మొహం చూడలేదు. అరుగు మూలకి వెళ్ళి, ఆ నెత్తళ్ళు ఒక్కొక్కటిగా ఏరి, రెండు చేతులా పట్టుకొచ్చి గంపలో పోసింది. గోనెపట్టా సర్దింది. నా చుట్టకుదురు జారి ఉంటే నా తల మీద సరిచేసింది. ఆ తర్వాత గంప ఒక పక్క పట్టుకుంది, నేను ఇంకో పక్క పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఎత్తాం. గంప నా తల మీద కుదురుకునేదాకా రెండు చేతులూ తియ్యలేదు. తీశాక లోపలికి వెళ్ళింది.

బోణీ కాలేదు గనక ఊళ్ళో ఇంక అరవబుద్ధి కాలేదు. తిరిగి వస్తుంటే ఊరి చివర కల్లంలో కాటా వేలాడదీసి ఉంది. బస్తాలు తూస్తున్నారు. ఎరుపు కాదు, తెలుపు.

"తాలు కూడా కొంటున్నారా బాబూ?"

"తాలేంటమ్మా, కల్లం ఊడ్చిన దుమ్మైనా కొంటాం. పొడి కొట్టాక ఎవడు చూస్తాడు రంగు? మొదట్లో మిగిలింది కొనేవాళ్ళం, ఈ ఏడు ఊరు మొత్తం పట్టేశాం" అన్నాడు కాటా మనిషి.

పక్కన ఏరిన ఆడవాళ్ళు కూర్చుని చూస్తున్నారు, వాళ్ళ కాయ బస్తాల్లోకి పోవడం. ఆమె దగ్గర ఆ ఏడాది ఒక్క తాలు కాయ కూడా లేదని నాకప్పుడు తెలిసింది. ఏడాది పొడుగునా కారం ఏరే మనిషి కారం పొట్లం కొనుక్కుంటోంది. అది నాకు చెప్పడం ఆమెకి చాతకాలేదు. నా చేప కోళ్ళకి పోతోందని చెప్పడం నాకూ చాతకాలేదు. ఎవరికీ అక్కర్లేని సరుకుతో బతికినవాళ్ళం మేము. దానికి ధర వచ్చిన రోజు దేశానికి లాభమేనేమో, మా ఇద్దరికీ మాత్రం చేతుల్లో ఉన్నది పోయింది.

ఆ గంప మళ్ళీ వాడరేవు తెచ్చి లారీ వాడికి పోసేశాను. వాడు కాటా ముల్లు చూసి, "ఇంతేనా అమ్మా?" అన్నాడు. ఇంతే అన్నాను. ఆ తర్వాత వేటపాలెంలో మా చెల్లెలి ఇంటికి చేరాను. కొన్నాళ్ళు జీడిపప్పు పొట్టు తీశాను. చుట్టూ ఆడవాళ్ళే, పొద్దస్తమానం కబుర్లే. వాళ్ళెవరితోనూ నాకు కలవలేదు. తప్పు వాళ్ళది కాదు. అక్కడ ప్రతిదీ తూకమే, ఎవరూ ఎవరికీ చాలనక్కర్లేదు.

మా చెల్లెలి కోడలు రాస్తూ రాస్తూ ఆగి, "పెద్దత్తా, ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, వెళ్ళి చూసి రావచ్చుగా?" అంటోంది. ఉచితమే. గంప ఉన్నన్నాళ్ళూ టికెట్టు కొనుక్కుని వెళ్ళాను. ఇప్పుడు టికెట్టు అక్కర్లేదు, గంప లేదు. చేతిలో ఏమీ లేకుండా ఆ గుమ్మం ముందు నిలబడితే ఏమని నిలబడాలి? ఎవరు వచ్చారని ఆమె చెప్పాలి? ఈ పిల్లేమో పండ్లు పట్టుకెళ్ళమంటుంది. పండ్లు పట్టుకెళ్తే ఆమె తిరిగి ఏదో ఒకటి పెట్టాలి కదా, ఎక్కడ తెస్తుంది? చుట్టాలైతే చావుకీ పెళ్ళికీ కలుస్తారు. మాది గంప చుట్టరికం.

ముసలామె ఉందో పోయిందో తెలియదు. ఆమె ఇంకా కాయ ఏరుతోందో లేదో తెలియదు. బతికే ఉంటుంది, నాకంటే చిన్నది. బస్సులో గంట దూరం కూడా లేదు.

గంప మోసే పిల్లలు ఇప్పుడు లేరు గానీ, వేరే ఏవో మోసేవాళ్ళు ఉంటారు కదా, మీకు చెబుతున్నాను. ఎవరైనా మీ దగ్గర తొందరగా చాలంటున్నారంటే కడుపు నిండిందని అనుకోకండి. అడగండి. నేను ఇసక గురించి అడిగాను. అడగాల్సింది అది కాదు.

రాయడం అయిందా అమ్మాయ్? ఇప్పుడు మొదట్నుంచి చదివి వినిపించు. నిదానంగా చదువు. నేను ఆమెని తప్పుపట్టినట్టు ఎక్కడైనా వినపడితే అక్కడ ఆగు, ఆ ముక్క మళ్ళీ చెబుతాను.